కారు ఆలస్యంగా స్టార్ట్ అవుతోందా? ముందు చెవి పెట్టి వినండి

తాళం తిప్పిన వెంటనే కారు అందుకోకపోతే చాలామంది నేరుగా కొత్త బ్యాటరీ కొనేస్తారు. దయచేసి తొందరపడకండి, ముందు శబ్దం వినండి. ఇంజిన్ మూలుగుతున్నట్టు బరువుగా తిరుగుతోందంటే అది కరెంటు సమస్య. చురుగ్గానే తిరుగుతూ ఆలస్యంగా అందుకుంటోందంటే ఇంధనం వైపు చూడాలి.

మొదటి రకమైతే బానెట్ ఎత్తి బ్యాటరీ టెర్మినళ్లు, అంటే తీగలు బిగించే రెండు కొనలు చూడండి. తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే కరెంటుకు అడ్డం అదే కావచ్చు. ముందు నెగెటివ్ తీగ విప్పండి, తర్వాత పాజిటివ్. బిగించేటప్పుడు నెగెటివ్ చివర. చేతికి గ్లోవ్స్ వేసుకుని, వంటసోడా కలిపిన నీళ్లతో పాత బ్రష్‌తో రుద్ది, బాగా ఆరాక బిగించండి. తీగ చివర ఉండే క్లాంపును (పట్టీని) చేత్తో తిప్పి చూస్తే కదలకూడదు.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉంటే ఇంకా మంచిది. రాత్రంతా ఆగిన కారులో 12.6 వోల్టులు ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే దాదాపు సగమే. స్టార్ట్ చేసేటప్పుడు 9.6 కంటే దిగజారితే బ్యాటరీ నీరసించిందనే అనుమానించాలి.

రెండో రకానికి నాకు బాగా నచ్చిన పరీక్ష ఒకటుంది. పెట్రోలు కారులో తాళాన్ని ‘ఆన్’ వరకే తిప్పి రెండు సెకన్లు ఆగండి. చాలా కార్లలో వెనక సీటు వైపు నుంచి ఇంధన పంపు సన్నగా గుయ్‌మంటుంది. ఆపి, ఇలాగే మరో రెండుసార్లు చేసి అప్పుడు స్టార్ట్ చేయండి. ఈసారి ఠక్కున అందుకుంటే, బండి ఆగి ఉన్నప్పుడు పైపులో ఇంధన ప్రెషర్ జారిపోతోందన్నమాట. పంపులోని వాల్వును, ఇంజిన్‌లోకి ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లను పరీక్షించమని మెకానిక్‌కు చెప్పండి.