పొద్దున వెళ్లిన దారే కదా అనుకోవద్దు

2023 ఏప్రిల్ 15 ఉదయం సూడాన్ రాజధాని ఖార్తూంలో కాల్పులు మొదలయ్యేసరికి ఎందరో అప్పటికే ఇల్లు వదిలి పనులకు వెళ్లిపోయారు. కొన్ని బడుల్లో పిల్లలూ ఉపాధ్యాయులూ లోపలే చిక్కుకుపోయారు. నైలు వంతెనలపై రాకపోకలు ఆగిపోవడంతో, ఒక ఒడ్డున పనిచేసి మరో ఒడ్డున నివసించేవారికి ఇంటిదారి లేకుండా పోయింది.

ఘర్షణ నడుస్తున్న నగరంలో కర్ఫ్యూ వేళలు పాటించమనీ, గుంపులకు దూరంగా ఉండమనీ ఎవరికీ వేరే చెప్పనక్కరలేదు. నేను చూసినంతలో మనుషులను ముంచేది మరొకటి: పొద్దున సాఫీగా దాటిన దారి సాయంత్రానికీ అలాగే ఉంటుందన్న నమ్మకం. పొద్దున చెక్‌పోస్టు దగ్గర నవ్వుతూ పంపించిన కాపలావాడి స్థానంలో సాయంత్రం మరో జెండా కింద మరో మనిషి నిలబడి ఉంటాడు. ఇసుక బస్తాలు మాత్రం అవే ఉంటాయి కనుక దగ్గరికి వెళ్లేదాకా ఆ తేడా తెలియదు.

అందుచేత తిరుగు ప్రయాణానికి ముందు మళ్లీ అడగాలి. పొద్దున ఆ దారిన వచ్చినవారిని కాదు, ఆ దారి పక్కనే నివసించేవారిని అడగాలి. దుకాణాలు తెరిచి ఉన్నాయా, బండ్లు రెండు వైపులా తిరుగుతున్నాయా అన్న రెండు ప్రశ్నలు చాలు. బయలుదేరాక కూడా, ఎప్పుడూ రద్దీగా ఉండే వీధిలో ఎదురుగా ఒక్క బండీ రావడం లేదంటే ముందేమి జరిగిందో తెలుసుకోవాలన్న కుతూహలం మాని వెనుదిరగాలి. స్పష్టమైన జవాబు దొరకకపోతే ఆ రాత్రికి అక్కడే ఉండిపోవాలి. ఉండనిచ్చే ఇల్లు ఏదో పొద్దున బయలుదేరే ముందే మాట్లాడి పెట్టుకోవాలి, రోజూ వేసుకునే మందులు వెంట ఉంచుకోవాలి.

చెక్‌పోస్టు కనబడగానే వేగం తగ్గించండి. రాత్రయితే హెడ్‌లైట్లు తగ్గించి బండి లోపలి దీపం వేయండి, ఎందుకంటే తుపాకీ పట్టుకున్నవాడికి మీ ముఖమూ చేతులూ కనబడటమే మీకు రక్ష. కాగితాల కోసం జేబులో చేయి పెట్టేముందు ఆ మాట చెప్పి పెట్టండి. ఫోటోలు తీయవద్దు.

సైనికుల దుస్తులను పోలిన రంగులు వేసుకోవద్దు. పేలుడు జరిగిన చోటికి చూడటానికి పరుగెత్తవద్దు. రెండో దెబ్బ తరచుగా అక్కడ గుమిగూడినవారి మీదే పడుతుంది. దారిలో దాడి మొదలైతే కిటికీలు లేని నడవలోకి చేరండి. మీకూ వీధికీ మధ్య రెండు గోడలుండాలని ఉక్రెయిన్ నగరవాసులు పాటించే నియమానికి కారణముంది: మొదటి గోడ పేలుడు ధాటిని తీసుకుంటే, ఎగిరివచ్చే ముక్కలను రెండోది ఆపుతుంది. శిథిలాల మీదుగా అడ్డదారి తొక్కవద్దు. పేలని గుండును ముట్టవద్దు, కాలితో జరపవద్దు. పొద్దున తెలుసుకున్న సమాచారంతో సాయంత్రం బయలుదేరవద్దు. దారి సంగతి అడిగే ఆ ఒక్క ఫోను చేయడానికి సరిపడా ఛార్జి మిగుల్చుకోండి. నెట్‌వర్కు పోయి ఎవరినీ అడగలేకపోతే, ఉన్నచోటు నుంచి కదలవద్దు.