గ్రేట్ వైట్ సొరను బోనులోంచి చూడాలంటే

పడవ పక్కన నీళ్లలో ఉంచిన ఇనుప బోనులో నిలబడి సొరను చూడటం ఇది. ముందు చోటు తేల్చుకోండి. దక్షిణాఫ్రికాలోని గాన్స్‌బాయ్‌కి పేరు ఎక్కువ. కానీ 2017లో ఓర్కాలు (కిల్లర్ వేల్స్) అక్కడి గ్రేట్ వైట్‌లను చంపి కాలేయాలు తినడం మొదలుపెట్టాక అవి బాగా పలచబడ్డాయి. ఇప్పుడు అక్కడ పడవ దగ్గరికి ఎక్కువగా వచ్చేది బ్రాంజ్ వేలర్ అనే వేరే సొర. మెక్సికో 2023లో గ్వాడలూప్ దీవి దగ్గర ఈ బోను వ్యాపారాన్నే మూసేసింది. ఉన్నవాటిలో నమ్మదగ్గది దక్షిణ ఆస్ట్రేలియాలోని నెప్ట్యూన్ దీవులు. అడిలైడ్‌లో ఉన్న మనవాళ్లకు, పడవలు బయల్దేరే పోర్ట్ లింకన్ విమానంలో గంట లోపే, కారులో అయితే దాదాపు 650 కిలోమీటర్లు. అక్కడి నుంచి పడవలో సుమారు మూడు గంటలు. పెద్ద ఆడ సొరలు కావాలంటే అక్కడి చలికాలంలో, అంటే మే నుంచి ఆగస్టు మధ్య వెళ్లాలి. అప్పుడు చలీ ఎక్కువే, అలలూ ఎక్కువే. "నూటికి నూరు శాతం చూపిస్తాం" అనే పడవ ఎక్కకండి. సొర ఎవరి మాటా వినదు.

బుక్ చేసేముందు అడగాల్సింది ధర కాదు, ఎర సంగతి. ఎరను ఏ తాడుకు కడతారు? నార తాడు కావాలి, నైలాన్ తాడు సొర మింగితే అరగదు. సొర వెంటపడినప్పుడు ఎరను ఎటు లాగుతారు? అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ఎరను బోను ముందు నుంచి పక్కకు, దూరంగా లాగాలి. ఫొటో బాగా రావాలని బోను వైపే లాగితే సొర అదే ఊపులో వచ్చి చువ్వలకు గుద్దుకుంటుంది. దానికి వెనక్కి ఈదడం రాదు. ముక్కు సందులో దూరితే ముందుకే తన్నుకుంటుంది, మొప్పలు చీరుకుపోతాయి. గ్వాడలూప్‌లో 2016లో ఒక సొర ఇలాగే బోనులోకే దూరిపోయింది, లోపల మనిషి ఉండగానే. ఎర అసలు వాడకుండా నీళ్లలోకి పాటల శబ్దం వదిలి సొరల్ని రప్పించే పడవ కూడా పోర్ట్ లింకన్‌లో ఉంది.

వాంతుల విషయం తేలిగ్గా తీసుకోవద్దు, చాలామంది ట్రిప్పు పాడయ్యేది దీనివల్లే. అవోమిన్ లాంటి మాత్ర డాక్టర్ని అడిగి ముందురోజు రాత్రి ఒకటి, బయల్దేరడానికి గంట ముందు ఒకటి వేసుకోండి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచేయదు. పొద్దున నూనె లేని టిఫిన్ కొంచెం తినండి, ఖాళీ కడుపు ఇంకా చేటు. పడవలో కింది గదిలోకి పోకుండా వెనక భాగంలో నిలబడి దిగంతం వైపు చూడండి.

నీళ్లు చలికాలంలో 14, 15 డిగ్రీలుంటాయి కాబట్టి 7 మిల్లీమీటర్ల వెట్‌సూట్ (ఒంటికి అతుక్కునే రబ్బరు దుస్తులు), తలకు హుడ్, గ్లోవ్స్ ఇస్తారు. మాస్క్ కింద ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా నీళ్లు కారతాయి. మీసం ఉంటే పై పెదవి మీద కాస్త వాజిలిన్ రాయండి. పట్టీని బిగిస్తే కారడం ఆగదు, పెరుగుతుంది. కాళ్లకు ఫిన్స్ (ఈత రెక్కలు) ఉండవు, తేలిపోకుండా నడుముకు సీసం బరువులు కడతారు.

గాన్స్‌బాయ్‌లో ఊపిరి బిగబట్టి మునుగుతారు, గాలి గొట్టాలుండవు. నెప్ట్యూన్ దీవుల దగ్గర పడవ మీది కంప్రెసర్ నుంచి గొట్టంలో గాలి వస్తుంది. నీటి పైభాగంలోనే ఉండే బోనుకు డైవింగ్ సర్టిఫికెట్ అక్కర్లేదు. సముద్రం అడుగుకు దించే బోనుకైతే కావాలి. గొట్టం గాలి పీలుస్తున్నప్పుడు ఊపిరి ఎప్పుడూ బిగబట్టకండి. లోతు రెండు మీటర్లే కదా అనిపిస్తుంది. కానీ పీల్చిన గాలి పైకొస్తుంటే వ్యాకోచిస్తుంది, నిండిన ఊపిరితిత్తులకు ఆ కొద్ది తేడా కూడా ప్రమాదమే. సొర ఎదురుగా వచ్చినప్పుడు అందరూ తెలీకుండానే ఊపిరి బిగబడతారు, అందుకే ఇంతగా చెప్పడం. బుడగలు ఆగకుండా వస్తున్నాయా లేదా చూసుకోండి, చాలు.

బోనులో లోపలి కడ్డీనే పట్టుకోవాలి, బయటి చువ్వను కాదు. కెమెరా మణికట్టుకు కట్టి ఉండాలి, చెయ్యి చువ్వల బయటికి పోకూడదు. అందరూ ఎర వైపే చూస్తుంటారు, మీరు కిందికీ వెనక్కీ చూడండి. గ్రేట్ వైట్ లోతు నుంచే పైకొస్తుంది. బోనును మూతితో తాకితే కంగారుపడకండి. ఉప్పునీళ్లలో ఇనుము పుట్టించే సన్నని విద్యుత్తును దాని ముక్కు మీది రంధ్రాలు పసిగడతాయి, అదేంటో చూడ్డానికే వస్తుంది.

పొత్తికడుపు రెక్కల దగ్గర రెండు గొట్టాల్లాంటివి వేలాడుతుంటే మగది, లేకపోతే ఆడది. ఆడ సొర పిల్లలు పెట్టే వయసుకు రావడానికి 30 ఏళ్లు దాటుతుందని అంచనా, ఒక్కో కాన్పులో పెట్టేది కూడా కొద్ది పిల్లలనే. వలకు ఒక్క ఆడది చిక్కితే ఆ లోటు పూడేసరికి తరం గడుస్తుంది. దక్షిణాఫ్రికా 1991లోనే వీటి వేటను నిషేధించింది.

ఫొటో తీస్తే వీపు రెక్క పక్క నుంచి, నిటారుగా, వెనక అంచు స్పష్టంగా పడేలా తీయండి. ఆ అంచు మీది గంట్లు ఏ రెండు సొరలకూ ఒకేలా ఉండవు, పరిశోధకులు వాటితోనే ఒక్కోదాన్ని గుర్తుపడతారు. వీలైతే రెండు వైపులా తీసి, తేదీ, సమయంతో పడవవాళ్లకివ్వండి. కోరల ఫొటో కంటే వాళ్లకు దీని అవసరమే ఎక్కువ. రేవు దుకాణంలో సొర పళ్ల లాకెట్ అమ్మితే కొనకండి, సరైన పర్మిట్ లేకుండా దాన్ని దేశం దాటిస్తే నేరం కూడా.