పక్కవాద్యకారుల పేర్లు తెలుసుకునే దారి

కడపలో మా ఇంట పొద్దున్నే ఫోన్‌లో పాత కర్ణాటక సంగీత కచేరీలు వింటాము గాని, గాయకుని పేరు తప్ప వయొలిన్, మృదంగం వాయించినవారి పేర్లు కనిపించకపోవడం పెద్ద వెలితిగా ఉండేది. స్పాటిఫైలోనైతే ముందుగా పాట పక్కనున్న మూడు చుక్కలు నొక్కి క్రెడిట్స్ చూడండి. అక్కడ లేకపోతే, ఆల్బమ్ పేరును గాయకుని పేరుతో కలిపి డిస్కాగ్స్ అనే రికార్డుల వివరాల వెబ్‌సైట్‌లో వెతికి, పాత ఎల్పీ రికార్డు లేదా క్యాసెట్ అట్ట వెనుకవైపు ఫొటో ఉంటే దాన్ని పెద్దది చేసి చదవండి. తంబూరా మీటినవారి పేరు కూడా ఒక్కోసారి దొరుకుతుంది, వారిని మరచిపోకూడదని నా కోరిక. యాప్‌లోని సంవత్సరం డిజిటల్ విడుదలది కావచ్చు గనుక దాని ఆధారంగా వెతకవద్దు. వేర్వేరు కచేరీల నుంచి ఏరికూర్చిన సంకలనాలకు ఈ పద్ధతి పనికిరాదు. యాప్‌లోనూ డిస్కాగ్స్‌లోనూ కీర్తనల వరుస, నిడివి రెండూ సరిపోలితేనే ఆ పేర్లు రాసుకోండి.