నాడి మీద వేలు పెట్టి చూడండి

ముప్పయ్యేళ్లు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పాను. ఆత్మ ఎక్కడుందని అడిగితే సిలబస్‌లో లేదనేవాణ్ణి. ఇప్పుడైతే ఇలా చేసి చూడమంటాను.

భోంచేసిన వెంటనే వద్దు. గోడకు ఆనుకుని కూర్చుని, మణికట్టు మీద బొటనవేలి వైపు రెండు వేళ్లతో నాడి పట్టుకోండి. 4 లెక్కపెడుతూ పీల్చండి, 6 లెక్కపెడుతూ వదలండి. పీల్చేటప్పుడు నాడి వడివడిగా, వదిలేటప్పుడు నింపాదిగా కొట్టుకుంటుంది. మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నరం పని అది. నాలాంటి పెద్దవాళ్లలో ఆ తేడా తక్కువ, కుర్రాళ్లకు వేలికే తెలిసిపోతుంది. తల తిరిగితే మాత్రం ఆపేయండి.

తైత్తిరీయోపనిషత్తు అన్నమయ, మనోమయ కోశాల (ఆత్మను కప్పే పొరల) మధ్య ప్రాణమయాన్ని పెట్టింది. ఒంటికీ మనసుకూ నడుమ ఊపిరన్నమాట! చివరి పొరైన ఆనందమయం కూడా దాటితేనే ఆత్మ అని అద్వైతుల మాట. అక్కడిదాకా నా వేలు అందలేదు. మా ఆవిడ ఐదో నిమిషానికే గురక పెడుతుంది.