మౌఖిక సాహిత్య పరిశోధన నేర్చుకుందాం – 4వ పాఠం: విన్న కథను రాతలో పెట్టడం

గత పాఠంతో రికార్డింగ్ పని అయిపోయింది. ఫైలు రెండు చోట్ల దాచారు, కథ చెప్పినవారి అనుమతి వాళ్ల గొంతుతోనే తీసుకున్నారు. ఇప్పుడు ఆ శబ్దాన్ని చదువుకోగలిగే పాఠంగా రాయాలి. ఆఫ్రికా భాషల్లో, జానపద విజ్ఞానంలో పీహెచ్‌డీ చేసి ఆ రంగంలోనే స్థిరపడాలనుకునేవాళ్లలో చాలామంది దీన్ని గుమాస్తా పనిగా చూస్తారు. త్వరగా ముగించేసి సిద్ధాంతాల పుస్తకాలు తెరుస్తారు. నేను మాత్రం ముందు రాత నేర్చుకోమంటాను. సిద్ధాంతాలు ప్రతి తరానికీ మారతాయి. నమ్మకంగా రాసిన కథాపాఠం యాభై ఏళ్ల తర్వాత కూడా ఇంకొకరికి పనికొస్తుంది.

హెరాల్డ్ షూబ్ సంగతే చూడండి. 1960ల చివర్లో ఆయన దక్షిణాఫ్రికా పల్లెల్లో టేప్ రికార్డర్‌తో కాలినడకన తిరిగారు. ఊళ్లో జనం మధ్య కథ చెబుతుండగా రికార్డు చేసుకునేవారు. తర్వాత దశాబ్దాల పాటు అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో, మాడిసన్ క్యాంపస్‌లో, ఆఫ్రికా మౌఖిక సాహిత్యం బోధించారు. (మన వెల్చేరు నారాయణరావు గారు తెలుగు బోధించిందీ ఆ క్యాంపస్‌లోనే.) షూబ్ పుస్తకాలకూ తరగతులకూ పునాది అలా నడిచి పోగుచేసిన కథలే.

దక్షిణాఫ్రికాలోని ఖోసా ప్రజల కథలు షూబ్ పరిశోధించారు. వాటిని న్‌త్సోమి అంటారు. ఎక్కువగా ఆడవాళ్లు చెప్పే కథలివి. వీటిలో చాలావాటికి నడుమ ఒక చిన్న పాటో, పదేపదే పలికే మాటో ఉంటుంది. అది తిరిగి వచ్చిన ప్రతిసారీ కథ ఒక అడుగు ముందుకు పడుతుంది. కొత్తవాళ్లు ఇక్కడే తొందరపడి, రెండోసారి పాట రాగానే ‘మళ్లీ అలాగే పాడింది’ అని రాసి వదిలేస్తారు. అలా చేస్తే కథ కట్టడమే కూలిపోతుంది. మొదటిసారి పాటకీ మూడోసారి పాటకీ మధ్య ఒక్క మాట మారి ఉండొచ్చు, గొంతు మారి ఉండొచ్చు, వింటున్నవాళ్లు కలిసి పాడి ఉండొచ్చు. కథకురాలి నేర్పంతా ఆ మార్పులోనే ఉంటుంది. ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లూ పూర్తిగా రాయండి. విసుగ్గా ఉంటుంది, అయినా రాయండి.

రెండో విషయం వినేవాళ్లు. సియర్రా లియోన్‌లోని లింబా ప్రజల మధ్య 1960లలో పనిచేసిన రూత్ ఫినెగన్ ఒక ఆచారాన్ని గమనించారు. అక్కడ కథ మొదలుపెట్టేవాడు తరచుగా ఒక స్నేహితుణ్ని పిలిచి, నాకు బదులు పలుకు అని అడుగుతాడు. కథ నడుస్తున్నంతసేపూ అతను అవును, ఔరా, నిజమా అంటూ ఉండాలి. మనం ఊ కొట్టే మనిషిని కూర్చోబెట్టుకున్నట్టే. తూర్పు ఆఫ్రికా భాష స్వాహిలిలో కథకుడు ‘పౌక్వా’ అంటే వినేవాళ్లు ‘పకావా’ అంటారు. అప్పుడే కథ మొదలవుతుంది. ఈ బదుళ్లను అడ్డంకులనుకుని తీసేసిన సంపుటాలు పాతకాలంలో చాలా వచ్చాయి. దానికి విరుగుడుగా నైజీరియా కవి జె.పి. క్లార్క్ చేసిన పని చూడాలి. 1963లో ఆ దేశంలోని ఇబాదన్ నగరంలో, అక్కడి ఇజో భాషలో రికార్డయిన ఓజిడి అనే వీరుడి గాథను ఆయన 1977లో అచ్చువేశారు. చెప్పుకుంటే ఏడు రాత్రులు సాగే గాథ అది. వింటున్నవాళ్లు మధ్యలో అన్న మాటల్ని కూడా ఆయన పాఠంలో ఉంచారు. చదువుతుంటే ఆ గదిలో కూర్చున్నట్టు ఉంటుంది. నా దృష్టిలో ఈ రంగంలోకి వచ్చే ప్రతివాళ్లూ ముందు చదవాల్సిన పాఠం అదే.

పేజీ ఎలా వేసుకోవాలి? కేప్‌టౌన్‌లో 1870ల నుంచి విల్‌హెల్మ్ బ్లీక్, లూసీ లాయిడ్ దక్షిణాఫ్రికా ఆదివాసులైన శాన్ ప్రజల కథలు రాసుకున్న నోటు పుస్తకాలు చూడండి, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అప్పటికి రికార్డర్ లేదు, చెబుతుంటే చేత్తో రాసుకున్నవే. మూల భాష, పక్కనే ఇంగ్లీషు, తర్వాత తెలిసిన వివరాలకు వేరే చోటు. మీరూ అలాగే మూడు వరుసలు పెట్టుకోండి. మొదటి వరుసలో వినిపించింది వినిపించినట్టు, అదే భాషలో. రెండో వరుసలో మీ అనువాదం. మూడో వరుసలో చేతుల కదలిక, నవ్వు, నిశ్శబ్దం, ఎవరు లేచి వెళ్లారు లాంటివి. కథకురాలు ఆగిన ప్రతిచోటా కొత్త పంక్తి మొదలుపెట్టండి. ఎలాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ వరుసలన్నీ శబ్దానికి జతచేసి పెట్టుకోవచ్చు. మొదట్లో ఒక్క నిమిషం శబ్దానికి గంట పట్టినా టెన్షన్ పడకండి.

ధ్వన్యనుకరణ పదాల్ని మాత్రం ఒక్కటి కూడా వదలొద్దు. ఖోసా, దానికి దగ్గరి భాష జూలూ కథల్లో అవి విస్తారంగా వస్తాయి. వాటిలో చాలావాటి ముందు ‘అను’ అనే అర్థమున్న ‘థి’ క్రియ ఉంటుంది. ధబీమని, గభాలున అనే తెలుగు చెవికి ఇది కొత్తగా అనిపించదు, ఆ సౌకర్యాన్ని వాడుకోండి. అనువదించడానికి మాట దొరక్కపోతే రెండో వరుస ఖాళీగా వదిలి, మొదటి వరుసలో మాత్రం శబ్దాన్ని తప్పకుండా రాయండి.

రాసిన కథాపాఠం పైభాగంలో కథ చెప్పినవారి పేరు, ఊరు, తేదీ, ఎవరెవరు విన్నారో రాయాలి, వాళ్లు పేరు వద్దంటే తప్ప. నోంగెనిలే మసితాతు జెనాని అనే ఖోసా కథకురాలి కథల్ని 1992లో పుస్తకంగా తెచ్చినప్పుడు షూబ్ రచయిత్రిగా ఆవిడ పేరే వేశారు. తనను సేకర్తగా, సంపాదకుడిగా మాత్రమే చెప్పుకున్నారు. ‘ఒక ముసలమ్మ చెప్పగా’ అని రాసే అలవాటు మన దగ్గరా ఉంది. దాన్ని మానుకోవాలి.

ఉద్యోగం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఈ రంగంలో పోస్టులు తక్కువ. చాలాచోట్ల సాహిత్యంతో పాటు స్వాహిలి, జూలూ, యోరుబా లాంటి భాష కూడా బోధించగలవాళ్లను కోరుకుంటారు. భాషను మన దేశంలోనే మొదలుపెట్టొచ్చు, ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆఫ్రికా అధ్యయన విభాగంలో స్వాహిలి బోధిస్తారు. దరఖాస్తుతో పాటు పంపే నమూనా రచనగా పెద్ద వ్యాసం కంటే, మీరే రికార్డు చేసి మూడు వరుసల్లో రాసిన చిన్న కథ, దాని మీద నాలుగు పేజీల వ్యాఖ్య పంపితే మీరు ఏం చేయగలరో వెంటనే తెలుస్తుంది.

ఈ వారం అభ్యాసం. ఫినెగన్ 1970లో రాసిన ‘ఓరల్ లిటరేచర్ ఇన్ ఆఫ్రికా’ గ్రంథానికి 2012లో ఉచిత ఆన్‌లైన్ ముద్రణ వచ్చింది, దాంతోపాటు ఆవిడ లింబా రికార్డింగులు కూడా అందుబాటులో పెట్టారు. అందులో ఒక కథ మూడు నిమిషాలు వినండి. భాష రాదు కదా అని ఆగొద్దు. ఎక్కడ ఆగారు, ఎక్కడ గొంతు పెరిగింది, రెండో గొంతు ఎక్కడ పలికింది అన్నవి మాత్రమే సమయంతో సహా రాయండి. తర్వాత మీ ఇంట్లో పెద్దవాళ్ల చేత ఒక కథ చెప్పించండి. ఊ కొట్టడానికి ఇంకొకరిని తప్పకుండా కూర్చోబెట్టండి. అందులో ఐదు నిమిషాలు మూడు వరుసల్లో రాయండి. ఒక రోజు ఆగి, శబ్దం మళ్లీ వింటూ ఎర్ర సిరాతో దిద్దుకోండి. ఆ దిద్దిన కాగితాలు పారేయకండి, 5వ పాఠంలో అనువాదం మొదలుపెట్టేది వాటితోనే.