అడ్రస్ సరిగ్గానే ఉంది, పాయింటర్ మాత్రం పనిచేయట్లేదు: సమస్య - పరిష్కారం

సమస్య: మామూలు ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచిన సీ ప్రోగ్రామ్‌ను చెరీ (CHERI, పాయింటర్ల వాడకాన్ని హార్డ్‌వేరే తనిఖీ చేసే ప్రాసెసర్ డిజైన్) కోసం కంపైల్ చేసి, క్యూఈఎంయూ (QEMU) ఎమ్యులేటర్‌లో చెరీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిపితే సిగ్‌ప్రాట్ (SIGPROT, రక్షణ ఉల్లంఘన) సిగ్నల్‌తో ఆగిపోతుంది. హన్మకొండ, కాజీపేటల్లో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు ఈ అంశం తీసుకునే పిల్లలు ముందుగా చిక్కుకునేది ఇక్కడే. డీబగ్గర్‌లో చూస్తే అడ్రస్ అదే కనబడుతుంది, అందుకే తికమక.

కారణం: చెరీలో పాయింటర్ ఉత్త నంబరు కాదు. 64 బిట్ల మెషిన్‌లో అది 128 బిట్లు: 64 అడ్రస్‌కు, మిగతావి హద్దులకు, అనుమతులకు. ఇవి కాక, ఆ పాయింటర్ చెల్లుతుందో లేదో చెప్పే, ప్రోగ్రామ్ నేరుగా రాయలేని ట్యాగ్ బిట్ ఒకటి హార్డ్‌వేర్ దగ్గర విడిగా ఉంటుంది. పట్టాదారు పాసుపుస్తకం లెక్కనే ఇదీ. సర్వే నంబరు చీటీ మీద రాసుకున్నంత మాత్రాన భూమి మనదైపోదు. పాయింటర్‌ను లాంగ్ (long) అనే మామూలు ఇంటిజర్‌లోకి మారిస్తే మిగిలేది ఆ నంబరే. తిరిగి పాయింటర్ చేసినా ట్యాగ్ రాదు.

పరిష్కారం: లాంగ్ తీసేసి యూఇంట్‌పీటీఆర్_టీ (uintptr_t) వాడండి. చెరీలో అది హద్దులనూ ట్యాగ్‌నూ మోస్తుంది, కింది బిట్లలో గుర్తులు దాచుకునే కోడ్ కూడా సాధారణంగా నడుస్తుంది. ముందు, వెనక పాయింటర్లు రెంటినీ ఎక్స్ఓఆర్ (XOR) చేసి ఒకే విలువగా దాచే లింక్డ్ లిస్ట్ మాత్రం నడవదు, ఫలితానికి ఏ పాయింటర్ హక్కు దక్కాలో తేలదు కాబట్టి. దాన్ని రెండు పాయింటర్లతో తిరగరాయడమే దారి. కంపైలర్ ఇచ్చే కేపబిలిటీ-మిస్‌యూజ్ (చెరీ పాయింటర్‌నే కేపబిలిటీ అంటారు) వార్నింగులను దయచేసి మూసేయకండి, తప్పున్న లైన్ చాలాసార్లు అవే చూపిస్తాయి.

క్యాస్ట్ (టైప్ మార్పిడి) ఎక్కడా లేకున్నా ట్యాగ్ పోతోందా? స్ట్రక్చర్‌ను బైటు బైటుగా కాపీ చేస్తున్నారేమో చూడండి. మెమ్‌కాపీ వాడాలి, రెండు వైపులా 16 బైట్ల అలైన్‌మెంట్ ఉండాలి. ప్యాక్డ్ (మధ్యలో ఖాళీ లేకుండా కుదించిన) స్ట్రక్చర్లు దీన్ని చెడగొడతాయి.

ఎల్‌ఎల్‌వీఎం (LLVM, కంపైలర్లు కట్టే టూల్‌కిట్)లో పాస్, అంటే కోడ్‌ను పరిశీలించి మార్చే దశ, రాసేవాళ్లకు ఇదే తిప్పలు ఇంకో రూపంలో వస్తుంది. పాయింటర్‌ను ఇంటిజర్ చేసి, కూడి, మళ్లీ పాయింటర్ చేయకండి. పాయింటర్‌కు ఆఫ్‌సెట్ కలిపే జీఈపీ (getelementptr) ఇన్‌స్ట్రక్షన్ రాయండి. అడ్రస్ ఒక్కటే కావాలంటే కొత్త ఎల్‌ఎల్‌వీఎంలో పీటీఆర్‌టుఅడర్ (ptrtoaddr) ఉంది. పాయింటర్ సైజు, ఇండెక్స్ సైజు (ఆఫ్‌సెట్ లెక్కకు వాడే బిట్లు) ఒకటేనని అనుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. ఏఎండీ జీపీయూ 7వ నంబరు అడ్రస్ స్పేస్‌లో (ఒక రకం మెమరీ పాయింటర్లకు ఇచ్చిన నంబరు) పాయింటర్ 160 బిట్లు, ఇండెక్స్ 32 బిట్లే. ఆఫ్‌సెట్ లెక్కలకు డేటా లేఅవుట్‌ను (టార్గెట్ మెషిన్ సైజుల వివరాలుండేది) ఇండెక్స్ సైజే అడగండి.