స్పిట్‌ఫైర్ కానోపీకి ముందు లోపలి రంగు
స్పిట్‌ఫైర్ (రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఫైటర్ విమానం) ప్లాస్టిక్ మోడల్ చేస్తున్నవాళ్లకి ఒక మాట. కానోపీ (కాక్‌పిట్ మీది పారదర్శక మూత) అద్దాలకి మాస్కింగ్ టేప్ అంటించాక నేరుగా పైరంగు కొట్టేయకండి. ముందు ఫ్రేముల మీద కాక్‌పిట్ లోపలి గ్రే గ్రీన్ పలచగా వేసి, ఆరాక దానిపైన క్యామఫ్లాజ్ రంగు వేయండి. అప్పుడు అద్దంలోంచి చూస్తే ఫ్రేము లోపలివైపు అసలు విమానంలోలాగే ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఎంత తేడా వస్తుందో మీరే చూస్తారు! టేపు అంచుని టూత్‌పిక్‌తో గట్టిగా నొక్కితే రంగు కిందికి పాకదు.

కానోపీ అతికించడానికి సూపర్ గ్లూ మాత్రం వద్దు, దాని ఆవిరికి క్లియర్ ప్లాస్టిక్ తెల్లగా మసకబారుతుంది. తెల్ల ఫెవికాల్ చాలు, ఎక్కువైతే ఆరకముందే తడి దూదితో తుడిచేయొచ్చు.

ఇంకొకటి, తొలి మార్క్ 1 (స్పిట్‌ఫైర్ మొదటి రకం) విమానాల హుడ్ (కానోపీలో జరిపి తెరిచే భాగం) పైభాగం చదునుగా ఉండేది, ఉబ్బెత్తుది తర్వాత వచ్చింది. కాబట్టి మీరు చేస్తున్న విమానం ఫోటో చూసుకునే హుడ్ ఎంచుకోండి.